చెప్పినవారు

ధారూర్ స్టేషన్ దాటేలోగా బాల్‌రాజ్ ఆ వాక్యాన్ని మూడుసార్లు రాసి మూడుసార్లూ చెరిపేశాడు.

ఫోన్‌లో ‘ఈ మాటలన్నీ’ అనేదాకా వేలు బాగానే నడుస్తోంది. ‘నావి కావు’ అని రాయాల్సిన చోటికి వచ్చేసరికి రైలు కుదుపులన్నీ ఆ వేలికే తగులుతున్నాయి. ఎదురు సీట్లో పాలక్యాన్ల మనిషి ఒకటి రెండుసార్లు చూసి, ఈ పెద్దమనిషి ఎవరితోనో ఫోన్‌లో పంచాయితీ పెట్టుకున్నాడనుకున్నట్టున్నాడు, తల తిప్పుకున్నాడు.

బాల్‌రాజ్‌కి యాభై ఏడేళ్లు. సన్నటి మనిషి. మెడ ముందుకు వంగిపోయి ఉంటుంది. నిటారుగా నిలబడమంటే రెండు నిమిషాలు నిలబడి మళ్లీ వంగిపోతాడు. మొదట సీసపు అక్షరాల అరల మీదికి, తర్వాత కంప్యూటర్ మీదికి ముప్పై ఐదేళ్లు వంగిన మెడ మరి. కుడి మణికట్టు మీద ఉసిరికాయంత కాయ. కళ్లద్దాలకు నల్లదారం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్ను ఉంటుంది గాని, దానితో ఆయన ఏమైనా రాయగా చూసినవాళ్లు లేరు. వికారాబాద్‌లో ఇల్లు, తాండూరులో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ పని. పొద్దున ఒక రైలు, సాయంత్రం ఒక రైలు. సంచిలో భార్య అరుణాదేవి కట్టిచ్చిన జొన్నరొట్టెలు. ఇంతే మనిషి. తన గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదని ఆయనే అనుకుని నలభై ఎనిమిదేళ్ల దాకా హాయిగా బతికాడు.

తర్వాత చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. అదే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది.

దాని పేరు మూట. ఫోన్‌లో పెట్టుకునే సాఫ్ట్‌వేర్. పల్లె మాటలకూ, పనివాళ్ల మాటలకూ, నిఘంటువుల్లోకి ఎక్కని మాటలకూ అర్థాలు చెబుతుంది. దాన్ని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. దాని లోపలి రాత అంతా అందరికీ తెరిచే ఉంటుంది. వచ్చినవాడు బాగుచేస్తాడు, రానివాడు ఒక మాట తెచ్చి అందులో వేస్తాడు. తొమ్మిదేళ్ల కింద తాండూరు కాలేజీలో ఒక ఆదివారం మీటింగు పెడితే, టైపు వచ్చిన మనిషివి నువ్వు పోయి రమ్మని ప్రెస్ సేటు పంపాడు. అలా అంటుకుంది. ఇప్పుడు మూటలో రెండువేల ఆరువందల పైచిలుకు మాటల కింద ‘చేర్చినవారు: బాల్‌రాజ్’ అని ఉంటుంది. అన్ని మాటలు ఇంకెవరూ చేర్చలేదు.

ఇవాళ సాయంత్రం ఐదు గంటలకు మూటవాళ్లు ఒక బ్లాగు తెరుస్తున్నారు. ఒకరు రాసే బ్లాగు కాదు. సాఫ్ట్‌వేర్‌ను కట్టినవాళ్లు, మాటలు చేర్చినవాళ్లు, తప్పులు పట్టినవాళ్లు, తలా ఒకటి రాస్తారు. మొదటిది బాల్‌రాజే రాయాలని అందరూ కలిసి తేల్చారు. “మీకు ఇన్ని మాటలు ఎలా తెలిశాయో రాయండి సార్, అదే చాలు,” అంది హైదరాబాద్‌లో ఉండి ఈ పనులన్నీ చూసే నిఖిల. పోయిన వారం ఆయన ఒక పేజీ రాసి పంపాడు కూడా. ‘చిన్నప్పటి నుంచి చెవిన పడిన మాటలను పోగుచేసుకుంటూ వచ్చాను’ అని మొదలవుతుంది. పంపిన రోజు నుంచి ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే మూటలో ఆయన చేర్చినవాటిలో నలభై ప్రెస్ మాటలే ఆయనవి, చిన్నప్పుడు చెవిన పడినవి ఏవీ లేవు. మిగతావన్నీ మొగులప్ప చెప్పినవి.

ఇవాళ ఎలాగైనా నిజం రాసి నిఖిలకు పంపాలి. పగటిపూట భోజనం వేళకు కరణ్‌కోట దారిలో ఉన్న మొగులప్ప ఇంటికి పోయి, రాసింది ఆయనకు చదివి వినిపించాలి. పొద్దున దేవుడి పటం ముందు నిలబడి ఈ రెండూ అనుకునే ఇల్లు కదిలాడు. రైలు తాండూరు చేరేసరికి ఫోన్‌లో ‘ఈ మాటలన్నీ’ అన్న రెండు ముక్కలే మిగిలాయి.

స్టేషన్ బయట వెంకటమ్మ చాయ్ హోటల్ ముందు రెండు రాళ్ల మీద పరిచిన తాండూరు బండ ఒకటుంది. కూర్చుని కూర్చుని దాని అంచు నున్నగా అయింది. ఎడమ చివర మొగులప్ప చోటు. రెండు నెలలుగా అది ఖాళీ.

మొగులప్ప బండల గనుల్లో నలభై ఏళ్లు సుత్తె పట్టిన మనిషి. దగ్గు పట్టుకున్నాక పని మానేసి, పొద్దున్నే వచ్చి ఆ బండ మీద కూర్చునేవాడు. పొడుగాటి మనిషి, తెల్లటి కనుబొమలు, ఎడమ బొటనవేలికి గోరు లేదు. బాల్‌రాజ్ రైలు దిగి వస్తుంటే, “బా సారూ, కూసో,” అని సగం కన్నడంలో పిలిచేవాడు. ఇద్దరికీ చెరొక చాయ్, అరగంట ముచ్చట. అప్పటికి బాల్‌రాజ్ తనకు తెలిసిన ప్రెస్ మాటలు నలభై మూటలో వేసేసి, ఇంకేం వేయాలో తోచక ఉన్నాడు.

ఒకరోజు మొగులప్ప చిన్న రాయి తీసుకుని కూర్చున్న బండ మీద టకటక కొట్టాడు.

“గిది మూగబండ సారూ.”

“మూగబండ ఏంది?”

“కొడితే మోగదు. మంచి బండ ఖణేల్మంటది. గిది సప్పుడు చెయ్యదు. లోపల పర్రె ఉన్నది, పగులు మీదికి కనవడదు. గందుకే గిక్కడ పడేసిండ్రు.”

సాయంత్రం రైల్లో ఆ మాట మూటలో వేశాడు బాల్‌రాజ్. తెల్లారేసరికి పద్నాలుగు మంది బాగుందన్నారు. ఇక అప్పటి నుంచి రోజూ అదే పని. రాతి పొరలకు పేర్లు, పొర విప్పే తీరుకు పేర్లు, ఒక్కో దెబ్బకు ఒక్కో పేరు, గనిలో నీళ్లూరితే ఒక పేరు, ఎండకు బండ వేడెక్కితే ఇంకో పేరు. మొగులప్ప చెప్పేవాడు, ఈయన ఫోన్‌లో కొట్టుకునేవాడు. మొగులప్పకు చదువు రాదు, ఈమెయిలు లేదు. మూటలో పేరు ఎక్కాలంటే ఈమెయిలు కావాలి. కాబట్టి బాల్‌రాజ్ పేరు ఎక్కింది. మొదట్లో ఇందులో తప్పేమీ లేదు. ఆ మాట న్యాయంగానే చెప్పుకోవాలి.

తప్పు రెండేళ్ల తర్వాత జరిగింది. మూటవాళ్లు ప్రతి మాట కింద కొత్తగా ఒక గడి పెట్టారు. ‘చెప్పినవారు’ అని. మాట ఎవరి నోట విన్నారో వాళ్ల పేరు అందులో రాయాలి. రాయకుండా వదిలేస్తే చేర్చినవారి పేరే అక్కడ దానంతటదే పడుతుంది. బాల్‌రాజ్ ఆ గడిని మొదటిరోజే చూశాడు. అప్పటికే ఎనిమిది వందల మాటలున్నాయి, ఒక్కొక్కటీ తెరిచి రాయాలంటే ఎంత పని, రేపు చూద్దాంలే అనుకున్నాడు. ఆ రేపు రాకముందే పేపర్ జిల్లా పేజీలో ‘వేయి మాటల బాల్‌రాజ్’ అని ఫోటోతో పడింది. వికారాబాద్‌లో ఒక సంఘంవాళ్లు పిలిచి శాలువా కప్పారు. జీవితంలో ఆయన భుజాల మీద పడిన మొదటి శాలువా. పెండ్లినాడు కూడా తువ్వాలే వేశారు. అరుణాదేవి ఆ శాలువాను మడిచి బీరువాలో పై అరలో పెట్టింది. ఆ తర్వాత ఆ గడిలో ఇంకొకరి పేరు రాయడానికి చెయ్యి రాలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊళ్లో ఎవరినైనా అంటుంటే బాల్‌రాజ్ అక్కడి నుంచి లేచిపోవడం మొదలుపెట్టాడు.

“మొగులప్ప జాడే లేకపాయె సారూ,” అంది వెంకటమ్మ చాయ్ అందిస్తూ. “దగ్గెక్కువైందని అప్పుడెప్పుడో అన్నరు.”

“ఇయ్యాల పోతున్న. పగటీలికి పోయి కలిసొస్త.”

“పోయిన నెల గూడ గిదే చెప్పినవ్,” అని నవ్విందామె.

బాల్‌రాజ్ ఖాళీ గ్లాసు పెట్టేసి నడిచాడు.

ప్రెస్ బజార్లోనే ఉంది. ముందు గదిలో కౌంటర్, అద్దాల అరల్లో పెండ్లి పత్రికల నమూనాలు. వెనక గదిలో రెండు కంప్యూటర్లు, ఇంకా వెనక మెషీన్లు. సేటు ధనరాజ్ నలభై అయిదేళ్లవాడు, తండ్రి పెట్టిన ప్రెస్‌ను ఫ్లెక్సులతో పెద్దది చేశాడు. నోరు మంచిది, కాకపోతే ఊరుకోదు.

“వచ్చిండు చూడుండ్రి మా రచయిత,” అన్నాడు ఆయన. “ఇయ్యాల అయిదు గంటలకు అంత బాల్‌రాజన్న పేరే అట గద. ఇగ మేం కన్పిస్తమా అన్నా?”

“గట్లేం లేదు సేటూ,” అన్నాడు బాల్‌రాజ్, తేలు కుట్టిన దొంగలా.

సంచి కొక్కేనికి తగిలించి కూర్చున్నాడు. కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి, ఆయనకు వాటి అవసరమూ లేదు. మొదట ఒక స్కూలు ప్రోగ్రెస్ కార్డు, తర్వాత రెండు విజిటింగ్ కార్డులు, ఆ తర్వాత నవాబుపేట పెండ్లి పత్రిక. వేళ్లు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు కరణ్‌కోట దారి పట్టింది.

నాలుగేళ్ల కిందటి ఒక పొద్దుట గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా అబద్ధమే, అది మరుపున పడితే కదా. ఆ రోజు చాయ్ తాగుతూ మొగులప్ప మెల్లగా అడిగాడు.

“నా పేరు గూడ పడ్డదా సారూ, మీ ఫోన్ల?”

ఇంకా లేదు, రేపు వేస్తాను అంటే పోయేది. మొగులప్ప ఏమీ అనుకునేవాడు కాదు. కాని ఆయన కళ్లలో ఆశ చూసి బాల్‌రాజ్ నోట, “ఆఁ, పడ్డది,” అని వచ్చేసింది.

“ఏడ?”

ఇక తప్పించుకోవడానికి దారి లేదు. బాల్‌రాజ్ ఫోన్ తీసి, మూగబండ అన్న మాట తెరిచి, ‘చెప్పినవారు’ పక్కన ఉన్న తన పేరునే చూపించాడు. మొగులప్ప వేలిని పంచెకు తుడుచుకుని, ఆ పేరు మీద ఆనించి, ఒక చివర నుంచి ఇంకో చివరకు జరిపాడు.

“ఇంత గుండ్రంగ ఉంటదా నా పేరు,” అన్నాడు.

ఆ తర్వాత కాయితం మీద తీసి ఇమ్మన్నాడు. మా మనవరాలికి చూపిస్త సారూ, తాతకు పని తప్ప ఏం తెల్వదంటది, అన్నాడు. బాల్‌రాజ్ ప్రింటు తీశాడు. చేసిన పాపం చాలదన్నట్టు లామినేషన్ కూడా చేసిచ్చాడు. వారం రోజులు భయంతో చచ్చాడు. ఆ మనవరాలు చదువుకుంటోంది, చదవగానే బండారం బయటపడుతుంది. మొగులప్ప వచ్చి మొహాన ఉమ్మేసినా పడాల్సిందే అనుకున్నాడు. కాని మొగులప్ప నవ్వుకుంటూ వచ్చాడు. “మనవరాలు సదివింది సారూ. మస్తు సంబురపడ్డది,” అన్నాడు. పిల్ల సరిగా చూసి ఉండదు, గండం గడిచింది అనుకున్నాడు బాల్‌రాజ్. ఊపిరి పీల్చుకున్నందుకు ఇప్పటికీ తనను తాను తిట్టుకుంటాడు.

ఒంటిగంటకు రొట్టెలు రెండు నోట్లో వేసుకుని, సంచి భుజాన వేసుకున్నాడు. షేరాటోలో పావుగంట. గుమ్మం దాటబోతుంటే నవాబుపేట బిచ్చయ్య ఎదురొచ్చాడు. పెళ్లికూతురి తండ్రి. చేతిలో ప్రూఫు, మొహాన చెమట.

“సారూ, మా రెండో బావ పేరు పడలేదు.”

“మీరిచ్చిన కాయితంల లేదు గద.”

“మా ఆడోళ్లు మర్సిండ్రు. ఆయన పేరు లేకుంటే పెండ్లికి రాడు సారూ. ఆయన రాకుంటే మా అక్క రాదు. పేరు పడకుంటే మనిషి లేనట్టే గద.”

బాల్‌రాజ్ నిలబడిపోయాడు. ముప్పై ఐదేళ్లలో ఈ మాట ఆయన ఎన్ని వందలసార్లు విన్నాడో. పెండ్లి పత్రికలో మేనమామ పేరు చిన్నక్షరాల్లో పడిందని బంధుత్వాలు తెగిన ఇళ్లు ఆయనకు తెలుసు. పెద్దబావ కింద చిన్నబావ, అందరి కింద బుడ్డపిల్లల పేర్లు, ‘మా మామ పెండ్లికి తప్పకుండ రావాలె’ అని వాళ్ల ముద్దుమాట. ఒక్క పేరు కూడా జారిపోకుండా ఇన్నేళ్లు సర్దినవాడు. సర్దడంలో ఆయనంత మనిషి తాండూరులో లేడని ధనరాజే అంటాడు.

“రా, కూసో,” అన్నాడు.

రెండో బావ పేరు ఇరికించాలంటే ఆహ్వానించువారి వరుస అంతా జరపాలి. జరిపాక మూడో బావ కిందికి పోయాడు, దానికి బిచ్చయ్య ఒప్పుకోలేదు. ఇంటికి ఫోన్ చేశాడు. ఫోన్‌లో భార్య ఒకటి చెప్పింది, అక్క ఇంకొకటి చెప్పింది. అన్నీ తెమిలేసరికి రెండున్నర. అప్పుడైనా పోవచ్చు. ధనరాజ్‌ను ఒక గంట అడిగితే కాదనేవాడు కాదు. బాల్‌రాజ్ అడగలేదు. బిచ్చయ్య వచ్చి ఆపినందుకు లోపల ఎక్కడో ప్రాణం తేలికపడిన సంగతి ఆయనకు తెలుస్తూనే ఉంది.

మూడింటికి నిఖిల ఫోన్ చేసింది.

“సార్, మీ వ్యాసంలో ఏవో మార్పులున్నాయన్నారు కదా. పోయిన వారం పంపిందే వేసేయమంటారా? మొదటి పేరా మా అందరికీ చాలా నచ్చింది, ఆ చిన్నప్పటి సంగతి.”

వెనక ధనరాజ్ నిలబడి ఏదో ప్రూఫు చూస్తున్నాడు. బాల్‌రాజ్ ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. ఇప్పుడు చెప్పాలి. ఒక్క మాట చెబితే చాలు.

“ఏం మార్పుల్లేవమ్మా. అదే వెయ్యుండ్రి.”

ఫోన్ పెట్టేశాక, బ్లాగే కదా, అచ్చు కాదుగా, ఎప్పుడంటే అప్పుడు దిద్దొచ్చు అనుకున్నాడు. రేపు దిద్దుదాం. రేపు మొగులప్పను కలిసి, ఆయన ఎదుటే కూర్చుని దిద్దుదాం. అనుకుంటే బాగానే అనిపించింది. ఇంకో పని తీశాడు.

నాలుగు దాటాక ఒక అమ్మాయి వచ్చింది. పంతొమ్మిది, ఇరవై ఏళ్లుంటాయి. కాలేజీ బ్యాగు, నూనె లేని జుట్టు, పాత చున్నీ. ధనరాజ్ ముందు గదిలోంచే, “బాల్‌రాజన్నా, చిన్న ఫ్లెక్సు, కన్నీటి నివాళి. ఎల్లుండికి గావాలట,” అని కేకేసి లోపలికి పంపాడు.

బాల్‌రాజ్ తల ఎత్తకుండానే నివాళుల ఫైలు తెరిచాడు. దీపాలు, పూలు, మేఘాలు అన్నీ తయారుగా ఉంటాయి. పేరు మార్చి ఫోటో పెడితే అయిపోతుంది.

“ఎవరు పోయిండ్రు బిడ్డా?”

“మా తాత.”

“పేరు చెప్పు.”

“మొగులప్ప.”

వేళ్లు ఆగిపోయాయి. ఆ పేరు ఈ చుట్టుపక్కల వంద మందికి ఉంటుంది. బాల్‌రాజ్ ఆ మాటే తనకు తాను చెప్పుకుంటూ ‘మొ’ కొట్టాడు, ‘గు’ కొట్టాడు. తొమ్మిదేళ్లలో ఆ పేరును తన చేత్తో టైపు చేయడం అదే మొదటిసారి అన్న సంగతి ‘ప్ప’ దగ్గర తట్టింది.

“పుట్టిన తారీఖు?”

“తెల్వదు సార్. పోయిందే వెయ్యుండ్రి. పోయి తొమ్మిదొద్దులాయె.”

“ఏమైండే?”

“దగ్గే. మూడు రోజులు దవాఖాన్ల ఉన్నడు. తర్వాత ఇంటికి తీస్కపొమ్మన్నరు.” అమ్మాయి ఫోన్ తీసి ముందుకు చాపింది. “ఫోటో గిదొక్కటే మంచిగున్నది సార్.”

నల్లదారం కళ్లద్దాలను పైకి తోసుకుని చూశాడు బాల్‌రాజ్. ఇంటి గోడకు ఆనుకుని మొగులప్ప కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా. తెల్లటి కనుబొమలు. ఇనాం అందుకున్న మనిషిలా రెండు చేతులతో ఒక లామినేషన్ కాయితం ఛాతీకి అడ్డంగా పట్టుకుని నవ్వుతున్నాడు.

పొద్దున రైల్లో ‘ఈ మాటలన్నీ’ అని రాస్తూ చెరుపుతూ వచ్చాడే, అప్పటికే మొగులప్ప పోయి తొమ్మిది రోజులు. వెంకటమ్మకు పగటీలికి పోతానని చెప్పినప్పుడూ తొమ్మిది రోజులే. రేపు దిద్దుదాం అనుకున్నప్పుడూ అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. ఈయనకు కాలిన సంగతి కూడా ఇంకొకరు వచ్చి చెప్పాల్సి వచ్చింది.

“ఆ కాయితం తీసేయుండ్రి సార్,” అంది అమ్మాయి. “మొఖం ఒక్కటే చాలు.”

మౌసు పట్టుకున్నాడు. కాయితం పై అంచు దగ్గర గీత గీసి కింది భాగం కోసేశాడు. గడ్డం, నవ్వు, కళ్లు మిగిలాయి. కోసిన చోట రెండు బొటనవేళ్లు కొద్దిగా కనిపిస్తున్నాయి, ఒకదానికి గోరు లేదు. దాన్ని కూడా పూలతో కప్పేయాల్సి వచ్చింది. కింద ‘కుటుంబ సభ్యులు’ అని వేశాడు. మణికట్టు మీది కాయ సలుపుతోంది.

“నీ పేరు?”

“భవ్యశ్రీ సార్. డిగ్రీ రెండో సంవత్సరం.” ఆమె గోడ మీది కేలెండర్లను, మెషీన్‌ను చూసి, మళ్లీ ఆయన వైపు చూసింది. “బాల్‌రాజ్ సార్ అంటే మీరే గద.”

ఆయన తల ఊపాడు.

“తాత మస్తు చెప్తుండె మీ గురించి. చానా పెద్ద మనిషి, నా ముచ్చట్లు విన్నడు, నా పేరు రాసిండు అని. పండుకునే ముందట గూడ గదే ముచ్చట.”

అంటూనే కాలేజీ బ్యాగులోంచి ఒక కాయితం తీసి కీబోర్డు పక్కన పెట్టింది. నాలుగేళ్ల కింద ఆయన తీసిచ్చిన ప్రింటు. మూలలు విడిపోయాయి.

“తాత దిండు కింద పెట్టుకునేటోడు. చదువు చదువు అని పొద్దుమీక నాకు చూపిచ్చెటోడు. నేను మొగులప్ప అని చదివేదాన్ని.”

బాల్‌రాజ్ ఆమె మొహం చూశాడు. కోపం ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాడు. కనిపిస్తే బాగుండుననుకున్నాడు.

“మొదటిరోజే చెప్పేయబోయిన. తాత వేలు పెట్టి చూపిచ్చుకుంట నవ్వుతుంటే నోరు రాలె,” అంది ఆమె. “ఇంట్ల ఉంచుకోబుద్ది అయితలేదు సార్. పారేయబుద్ది అయితలేదు. మీ పేరే గద ఉన్నది, మీరే ఉంచుకోండ్రి.”

“బిడ్డా, నేను...” అన్నాడు బాల్‌రాజ్. పొద్దుట్నుంచి రాని వాక్యం ఇప్పుడు మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

“ఫ్లెక్సు రేపు పొద్దుగాల్ల వచ్చి తీస్కపోత. పేరు జర పెద్దగ వెయ్యుండ్రి,” అని చెప్పి ఆమె బయటికి నడిచింది. ధనరాజ్‌తో ఏదో మాట్లాడడం, మెట్లు దిగడం వినిపించాయి.

బాల్‌రాజ్ మొగులప్ప పేరును పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. దీపాలకు తగిలేదాకా పెంచాడు.

ఐదింటికి ఫోన్ మోగడం మొదలైంది. బ్లాగు తెరుచుకుంది. ఎవరెవరో అభినందనలు, చేతులు జోడించిన బొమ్మలు, ‘మట్టి మాటల మనిషి’ అని ఎవరో. ముందు గదిలో ధనరాజ్ ఆ వ్యాసం తెరిచి కౌంటర్ దగ్గరున్న వాళ్లకు పైకి చదువుతున్నాడు. “చిన్నప్పటి నుంచి చెవిన పడిన మాటలను...” బాల్‌రాజ్ లేచి మధ్య తలుపు వేశాడు. నిఖిలకు ఫోన్ చేశాడు.

“నిఖిలమ్మా, ఆ మాటలు నావి గావు.”

“అర్థం కాలేదు సార్.”

“నలభై నావి. మిగిలినయన్ని మొగులప్పయి. బండ కొట్టెటాయన. నేను టైపు కొట్టిన అంతే. ఆ గడిల ఆయన పేరు రాయాలె, రాయలే. ఏడేండ్ల సంది రాయలే. కావాలనే రాయలే.”

అవతల ఆమె గొంతు, కోపం లేకుండా, తొందర తొందరగా. “సరే సార్. మీది ఇప్పుడే తీసేస్తాను. ఆయన నంబర్ ఇవ్వండి. ఆయనే చెప్పనివ్వండి, నేనొచ్చి రాసుకుంటాను. చదువు రాకపోతే ఏం, బ్లాగు పెట్టిందే అందుకు కదా. మొదటి వ్యాసం ఆయన పేరు మీదే వేద్దాం. ముందే ఒక్క మాట చెప్పుంటే...”

“ఆయన పోయిండమ్మా.”

“ఎప్పుడు సార్?”

“తొమ్మిదొద్దులాయె.”

మీరు ఎప్పుడు రాసి పంపితే అప్పుడు వేస్తాను, అంతవరకు ఆ చోటు ఖాళీగా ఉంచుతాను అంది నిఖిల. గడులు మాత్రం ఒక్కొక్కటే తెరిచి మార్చాలి సార్, అన్నీ ఒకేసారి మార్చే వీలు మూటలో లేదు, అంది. అది బాల్‌రాజ్‌కి తెలుసు.

రైలుకు ఇంకా గంటన్నర టైముంది. కంప్యూటర్‌లో మూట తెరిచాడు. మొట్టమొదటి మాట మూగబండ. చెప్పినవారు అన్న గడిలో తన పేరు చెరిపి, మొగులప్ప అని కొట్టాడు. రెండో మాట తెరిచాడు. మూడోది తెరిచాడు. కళ్లద్దాలు మసకబారితే తీసి చొక్కాకు తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. వెనక మెషీన్ మీద ఫ్లెక్సు మెల్లగా దిగుతోంది, ముందు దీపాలు, తర్వాత పేరు, తర్వాత ఆ నవ్వు. ఆరున్నరకు ధనరాజ్ లైట్లు ఆర్పుతూ వచ్చి, “అన్నా, రైలు పోతది,” అన్నాడు. అప్పటికి యాభై రెండు అయ్యాయి.

సంచి తీసుకుని లేచాడు. కీబోర్డు పక్కన ఆ లామినేషన్ కాయితం అలాగే ఉంది. అంతటా మెరుస్తోంది గాని, బాల్‌రాజ్ అన్న పేరు ఉన్న చోట మాత్రం, ఒక చివర నుంచి ఇంకో చివరకు, వేలు రుద్దీ రుద్దీ ప్లాస్టిక్కు తెల్లబడిపోయి ఉంది.